కుడితి బాల్టీ

మా ఇంట్లో చెత్త లేదని మా మీద ఫిర్యాదు వచ్చింది. నమ్మరు గానీ నిజం. రాయపూర్‌లో, మోవా పేటలో మేముండే అపార్టుమెంటుకు సెక్రటరీ ఒకాయన ఉన్నాడు, నా కొడుకు వయసువాడు. మొన్నో ఆదివారం పొద్దున్నే ఏవో కాగితాలు పట్టుకుని వచ్చి సోఫా అంచున కూర్చుని, "ఆంటీజీ, బురా మత్ మానియేగా, ఏమీ అనుకోకండి," అని మొదలుపెట్టాడు. సంగతేమిటంటే, మూడో అంతస్తులో ఈ ఒక్క ఫ్లాటు నుంచి చెత్త డబ్బా వారాల తరబడి కిందికి రావడం లేదని బండివాడు చెప్పాడట. మరి మీ కచరా ఎక్కడికి పోతోంది, పక్క ఖాళీ స్థలంలోకి గాని విసురుతున్నారా అని కమిటీకి అనుమానం. నేను ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్లి మూడు మట్టికుండలు చూపించాను. తొక్కలు, ఎండుటాకులు, కాస్త మట్టి, మళ్లీ తొక్కలు. ఆయన ముందు ముక్కు మూసుకున్నాడు, ఆ తరవాతే ఆయనకు వాసన వచ్చింది. "సోమవారంలోగా తీయించెయ్యండి ఆంటీజీ, కంప్లెయింట్ ఉంది," అన్నాడు. "తీయను," అన్నాను. నోటీసు ఇవ్వాల్సి వస్తుందన్నాడు. ఇవ్వమన్నాను. టీ సగం వదిలేసి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక చాలాసేపు నాకు నవ్వు ఆగలేదు, ఆ తరవాత నవ్వు రాలేదు. ఎందుకంటే "తీయను" అన్న ఆ మాట నాది కాదు, మా అమ్మది. ఆ మాట ఆవిడ నోట అనిపించిన పుణ్యాత్మురాలిని మాత్రం నేనే. కాబట్టి ఇదేదో మా వంశం గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నానని అనుకోకండి. పద్దెనిమిదేళ్ల వయసులో నేను ఒక ఆవు ప్రాణం తీశాను. అదీ శుభ్రత పేరు చెప్పి.

మా నాన్న ఉర్లా వైపు ఒక కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం దగ్గర పల్లె వదిలి, ముందు ఎవరో బంధువు వస్తే ఆయన వెనక, ఆయన వెనక ఇంకొకరు, అలా వచ్చిన తెలుగు ఇళ్లు మా క్వార్టర్లలో అయిదుండేవి. బీర్‌గావ్ అంచున రెండు వరసలు, వరసకు పన్నెండు ఇళ్లు, సిమెంటు రేకుల కప్పులు, వెనక ఒక ప్రహరీ. ప్రహరీ అవతల అసలు ఊరు. మట్టి గోడల ఇళ్లు, పేడ అలికిన వాకిళ్లు, చెరువు. చుట్టంగా వచ్చినవాడు ఇంటాయన మంచమెక్కి పడుకున్నట్టు ఫ్యాక్టరీలన్నీ ఆ ఊరి చుట్టూ పడుకున్నాయి. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి నల్లటి నుసి పడేది. అమ్మ ఆ నుసిని కూడా ఊరికే దులిపేది కాదు, "ఇదైనా ఏదో పనికి రాపోతాదా" అని ఒక నిమిషం చూసి, ఏ పనికీ రాదని తేలాక తిట్టుకుంటూ దులిపేది. ఆవిడకు తెలిసినంతలో లోకంలో పనికిరానిది అదొక్కటే.

మా ఇంట్లో చీరకు ఏడు జన్మలు. ముందు చీర. అంచు చిరిగితే రెండు ముక్కలు చేసి మధ్యకు అంచులు వచ్చేలా తిప్పి కుట్టిన చీర. ఆ తరవాత నాకు పరికిణీ. తరవాత బొంతలో ఒక పొర. బొంత పొరలు ఊడితే ఇల్లు తుడిచే గుడ్డ, అది మాసి పొయ్యి దగ్గర మసిగుడ్డ, చివరికి పీలికలై పెరట్లో ఎరువు గోతిలోకి. అంచులు మాత్రం ముందే కత్తిరించి ఉండలా చుట్టి మేకుకు తగిలించేది. తాడు అక్కరపడినప్పుడల్లా అందులోంచి ఒక పీలిక. ముడి ఎవరు వేసినా జారుముడే వెయ్యాలి, గట్టిముడి వేస్తే దాన్ని కత్తిరించాల్సి వస్తుంది, కత్తిరిస్తే పీలిక పొట్టిదైపోతుందని ఆవిడ శాసనం. నాన్న కార్ఖానా నుంచి చెక్కపెట్టెల ముక్కలు తెచ్చి, వాటి మేకులు ఊడబీకి, ఆదివారం పూట గడపలో కూర్చుని రాయి మీద పెట్టి సుత్తితో టకటకమని సాపు చేసేవాడు. ఆ చప్పుడు, బొగ్గుల కుంపటి పొగ, నానబెట్టిన చింతపండు పిప్పితో తోమిన ఇత్తడి వాసన, వీటి మధ్యే నా ఆదివారాలన్నీ గడిచాయి. బీరకాయ వండిన రోజున పొట్టు పచ్చడి తప్పదు. అరటికాయ తొక్కు వేపుడు, సొరకాయ తొక్కు పచ్చడి, పుచ్చకాయ తెల్లగుజ్జు కూర. నాకవంటే అసహ్యం. కాయ ఒక పూట, తొక్క ఒక పూట తినే ఇంట్లో ఎందుకు పుట్టానా అని ఏడ్చేదాన్ని. ఇప్పుడు వాటి మీద ప్రేమ నటించను, పుచ్చకాయ గుజ్జు కూర ఇప్పటికీ నాకు దిగదు.

ఇక మిగిలింది కుడితి. గడప పక్కన మూతపెట్టిన పెద్ద ఇనప బాల్టీ. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల ముచ్చికలు, మేం తినలేని తొక్కలు, పులిసిన మజ్జిగ, మిగిలిన చద్దన్నం, పైన గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు. పొద్దున్న ఎనిమిదింటికి బిసాహిన్ వచ్చేది. ప్రహరీ అవతలి ఊరి మనిషి, పాలమ్ముకుని బతికే రౌత్ ఇల్లు. భర్త లేడు. ఆమెకున్నది ఒక తెల్లావు. పేరు ధౌరీ. ఆ ఆవు పాలే ఆమెకు ఉప్పూ పప్పూ, చీరా సారె, జ్వరమొస్తే మందు. అమ్మకు ఛత్తీస్‌గఢీ రాదు, ఆమెకు తెలుగు రాదు. పదేళ్లు మాట్లాడుకున్నారు. గంజిని ఆమె పసియా అనేది, అమ్మ గంజి అనేది, రాత్రి నీళ్లలో వేసిన అన్నాన్ని ఆమె బాసీ అనేది, అమ్మ చద్ది అనేది. ఇద్దరూ పచ్చిమిరపకాయ కొరుకుతూ అదే తినేవారు కాబట్టి అనువాదం అక్కర్లేకపోయింది. వెంట తోలుకొచ్చిన ఆవుకు బాల్టీ పట్టి, కడిగి, బోర్లించి పోయేది బిసాహిన్. మాకు అరసేరు పాలు పోసేది.

నేను కాలేజీలో చేరిన ఏడే మా కాలనీకి నాగరికత వచ్చింది. మేనేజరు గారి భార్య ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. సుందర కాలనీ పోటీ పెట్టారు. ఏ వరస శుభ్రంగా ఉంటే ఆ వరసకు ఇనాం. వాకిట్లో బాల్టీలు ఉండకూడదు, పెరట్లో గోతులు ఉండకూడదు, మేకలూ ఆవులూ గేటు లోపలికి రాకూడదు. ఇంటి కచరా అంతా ఝిల్లీలో వేసి, మూతి కట్టి, వరస చివర కట్టిన సిమెంటు కుండీలో పడెయ్యాలి. ప్లాస్టిక్ సంచీని మా రాయపూర్‌లో ఝిల్లీ అంటారు. అప్పటికి అవి కొత్త. బట్టలకొట్టు వాళ్లు రంగు బొమ్మ వేసి ఇచ్చిన ఝిల్లీని కడిగి ఆరేసి దాచుకునేవాళ్లం. చూస్తుండగానే ఉల్లిపాయలకూ ఝిల్లీయే, పెరుగుకూ ఝిల్లీయే, పాలు కూడా ఝిల్లీలోనే. ఒక్కొక్క ఇల్లూ కుడితి మానేసింది. రెండు వరసల్లో చివరికి మిగిలిన బాల్టీ మాదే. కమిటీ ఆడవాళ్లు వచ్చి చెప్పినప్పుడల్లా అమ్మ "హా హా, హటాయేగా" అనేది, అలాగే తీసేస్తానని. తీసేది కాదు.

నాకు తల కొట్టేసినట్టు ఉండేది. శంకర్ నగర్ నుంచి నా క్లాసుమేటు ఒకమ్మాయి ఒకసారి మా ఇంటికొచ్చింది. గడప దాటుతూ బాల్టీ వంక చూసి, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను నెలరోజులు తినేసింది. ఎండాకాలం మధ్యాహ్నం కుడితి పులుపు వాసన ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వాసన నా ఓణీకి పట్టిందని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు తెలిసిపోతోందని నాకొక భ్రమ.

ఆ వేసవి మొదట్లో ఊళ్లో మా అమ్మమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మ రెండు నెలలు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ రైలు కిటికీలోంచి కూడా, "ఒలే, కుడితిలో ఉప్పు మర్సిపోకు, ఉల్లిపొట్టు ఎయ్యకు," అని అరిచింది. నేను తలూపాను. మూడో రోజున బాల్టీ తోమి పెరట్లో బోర్లించేశాను. కాలేజీకి ఏడున్నరకే బస్సు, బిసాహిన్ వచ్చేది ఎనిమిదింటికి, ఎవరు కాపలా కాస్తారని నాన్నతో అన్నాను. నాన్నకు కార్ఖానాలో పేరు చెడకుండా ఉంటే చాలు, సరేనన్నాడు. బిసాహిన్‌తో నేనే చెప్పాను, రేపటి నుంచి రావద్దని. ఆమె నా మొహం చూసి, "నోనీ, తోర్ దాయీ కబ్ ఆహీ?" అంది. అమ్మాయీ, మీ అమ్మ ఎప్పుడొస్తుంది అని.

తొక్కలు, మెతుకులు, మజ్జిగ అడుగు, అన్నీ ఝిల్లీలో వేసేదాన్ని. చద్దన్నంలో అలవాటుకొద్దీ చిటికెడు ఉప్పు కూడా పడేది, చెయ్యి ఊరుకోదు కదా. కారకుండా, వాసన రాకుండా మేకుకున్న ఉండలోంచి చీర అంచు పీలిక తీసి మూతికి బిగించి మూడు ముళ్లు వేసేదాన్ని. గట్టిముళ్లు. ఇక విప్పాల్సిన పని లేదు కదా. బస్సుకు వెళ్తూ వెళ్తూ కుండీలో పడేసి, చేతులు దులుపుకునేదాన్ని. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయి గురించి అబద్ధం చెప్పలేను. ఇల్లు అద్దంలా ఉంది, గడప దగ్గర ఈగ లేదు, కమిటీ ఆవిడ ఒకరు నా భుజం తట్టి "పఢీ లిఖీ లడ్కీ హై", చదువుకున్న పిల్ల అని మెచ్చుకుంది కూడా.

ఆవులు గేటు లోపలికి రాకూడదన్నది కమిటీ రూలు, ఆవుకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. పదేళ్లుగా ఎనిమిదింటికి మా వరస కుడితి తాగిన ధౌరీ ప్రహరీ విరిగిన చోట నుంచి లోపలికొచ్చి, మా గడప చూసి, బాల్టీ లేక, కుండీ దగ్గర నిలబడేది. బస్సు ఆలస్యమైన రోజుల్లో నేను రెండుమూడు సార్లు చూశాను. మూతి లోపలికి దూర్చి వెతికేది. మా ఇంటి ఉప్పు వాసన దానికి తెలుసు. చూశాను, బస్సెక్కాను.

అమ్మ వచ్చేసరికి ధౌరీ మేత మానేసి వారమైంది. ఎడమ డొక్క ఉబ్బి డోలులా అయింది. అమ్మ రైలు దిగి ఇంటికొచ్చి పెట్టె కింద పెట్టకముందే బిసాహిన్ పరుగెత్తుకొచ్చి, "మోర్ ధౌరీ లా కా హోగే దీదీ," నా ధౌరీకి ఏమైందక్కా అని అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే వెళ్లారు. పశువుల డాక్టరు వచ్చేసరికి ఆవు కాళ్లు చాపేసింది. అది పోయాక డాక్టరు ఊరి బయట కడుపు కోసి చూపించాడు. మేత లేదు. అన్నీ ఝిల్లీలే, ఒకదానికొకటి చుట్టుకుని, తాడుల్లా, ముద్దలా. ఇది ఒక్కరోజు పని కాదు, ఎన్నాళ్లుగానో తిన్నది అన్నాడట. పాలు తాగే పెయ్య ఒకటి మిగిలింది. బిసాహిన్ ఏడవలేదట, ఆ ముద్ద వైపు చూసి, ఇవి మా ఊళ్లో ఎవరింట్లోనూ లేవే అందట.

అమ్మ ఆ ముద్దను మా బట్టల టబ్బులో వేసుకుని ఇంటికి తెచ్చింది. నాన్న లబోదిబోమన్నాడు. అమ్మ ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని ఒక్కొక్కటే విడదీసి, కడిగి, ఆరేసింది. పాల పాకెట్లు, రొట్టె కాగితాలు, ఉప్పు సంచులు, బట్టలకొట్టు ఝిల్లీలు. ఒకటి మాత్రం అలాగే బిగుసుకుని ఉంది, మూతి ఊడలేదు. మూడు గట్టిముళ్లు. ముడికి వంగపండు రంగు మీద జరీ చుక్కల అంచు. అది అమ్మ పెళ్లినాటి చీర అంచు. లోపల నేను వేసిన చద్దన్నం నల్లబడి ఉంది. ఆ ఆవు దేనికోసం ఆ సంచీ మింగిందో అది దానికి అందనే లేదు.

అమ్మ దాన్ని విప్పలేదు. విప్పకుండానే నా వైపు చూసింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. "ఆదోరం నాడు కలబ్బులో ఇనాం ఇస్తారంట కదా. ఈ టబ్బు అట్టుకెల్తాను. ఎవులివో సూసుకోండని అడుగుతాను. ఒక్కులూ మాదని అనరు. నువ్వేటంటావో అది నీ ఇష్టం," అంది. నాన్న తలుపు దగ్గర నిలబడి, "నీకేటి పిచ్చా? మనదొక్కటేనేటి అందులో? కడుపు సించుకుంటే కాళ్ల మీద పడతాది. మేనేజరు పెళ్లాం ఎదర ఈ గుంటని నిలబెట్టి మాదే తప్పంటే, ఈ కోటరుంటాదా, నా ఉజ్జోగం ఉంటాదా?" అన్నాడు. నాన్న మాటలో తప్పేం లేదు. క్వార్టరు పోతే మేం ముగ్గురం ఎక్కడికి పోవాలి? అప్పుడు నాకు నాన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఎందుకంటే నేను నోరు మూసుకోవడానికి ఆయనొక మంచి కారణం ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న క్లబ్బులో తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద ఇనాం కప్పు, పక్కన బంతిపూల దండలు. గెలిచింది మా వరసే. మేనేజరు గారి భార్య మా వరస పేరు చదివి చప్పట్లు కొట్టించింది. అమ్మ వెనక నుంచి టబ్బు చంకనెత్తుకుని నడుచుకుంటూ వెళ్లి ఆ తెల్లగుడ్డ మీద, కప్పు పక్కన, దించింది. "మేడంజీ, ఇనాం బాద్ మే దేనా. పహిలే ఏ దేఖ్‌నా. గాయ్ కా పేట్ మే సే ఆయా. కిస్కా కిస్కా హై, అప్‌నా అప్‌నా లేకే జావో," అంది, ఇనాం తరవాత, ముందు ఆవు కడుపులోంచి వచ్చినవి ఎవరివి వాళ్లు పట్టుకెళ్లండని. ఆవిడ హిందీకి నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు, ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మేనేజరు గారి భార్య కుర్చీలోంచి లేచి, "యే క్యా బద్‌తమీజీ హై? హటావో ఇసే!" అంది, ఏమిటీ మర్యాద లేని పని, తీసెయ్యమని. "నహీ హటాయేగా," అంది అమ్మ, తీయనని. ఇన్నాళ్లూ "హా హా, హటాయేగా" అన్న మనిషే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ పిడికెడు పట్టుకోవడానికి ఒక్క చెయ్యి లేవలేదు. మాది ఆ పాల పాకెట్టు కాదు, మేం వేరేది తీసుకుంటాం అన్నారొకరు. మేం కుండీలోనే వేశాం, కుండీలోంచి ఆవు తింటే మాదా తప్పు అన్నారు ఇంకొకరు. అసలా ఆవు లోపలికి ఎలా వచ్చింది, చౌకీదారు ఏం చేస్తున్నాడు అన్నారు. బిసాహిన్ గుమ్మం బయట నిలబడి ఉంది, లోపలికి రాకూడదని కాబోలు. ఆమెకు హిందీ తెలుసు. ఒక్కొక్కరూ మాది కాదు అంటుంటే ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. తిరిగి తిరిగి ఆ చూపు నా దగ్గరకు వచ్చింది, ఆగకుండా దాటిపోయింది. నా మీద ఆమెకు అనుమానమే లేదు. దీదీ కూతుర్ని కదా.

అది తట్టుకోలేకపోయాను. ధైర్యమని చెప్పుకోను, ఆ చూపు అలా దాటిపోవడం భరించలేక లేచాను. వెళ్లి టబ్బులో చెయ్యి పెట్టి ముడివేసి ఉన్న ఆ ఝిల్లీ తీసి పైకెత్తి, "యే మేరా హై. మైనే బాంధా థా," అన్నాను, ఇది నాది, మూతి కట్టింది నేనేనని. ఆ ముడి, ఆ అంచు, లోపల అన్నం, అందరికీ కనబడేలా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మా పక్కింటి బిహారీ పెద్దావిడ లేచి, ఏడుస్తూ, ఒక రొట్టె కాగితం తీసుకుంది. తరవాత ఇద్దరు. అంతే, మొత్తం నలుగురం. టబ్బు నిండుగానే మిగిలింది. ఇనాం మాత్రం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ కుడితి బాల్టీని పెరట్లోంచి తెచ్చి గడప పక్కన కాదు, నడవ మధ్యలో పెట్టింది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది, టైపు చేసి, సంతకం పెట్టి. బాల్టీ తీయకపోతే క్వార్టరు విషయం ఆలోచించాల్సి వస్తుందని. నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఆ నోటీసు తిరగేసి, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని, దాని మీద పప్పూ చింతపండూ బెల్లం అని బజారు సరుకుల చీటీ రాసి, సంచీ పట్టుకుని బయల్దేరాడు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మా నాన్న చేసిన తిరుగుబాటు అదొక్కటే. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. క్వార్టరు పోలేదు. నాన్నకు రావాల్సిన చార్జిమాన్ పోస్టు మాత్రం మరొకరికి పోయింది.

ఇప్పటివాళ్లకు ఇది చెబితే, ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లండీ అంటారు. మంచీ లేదు, మట్టీ లేదు. లేమి ఉండేది. మా అమ్మ చేతిలో నాలుగు డబ్బులు ఆడి ఉంటే పుచ్చకాయ గుజ్జు ఆవిడా పారేసేది. అయినా ఆ లేమి ఆవిడకు ఒక లెక్క నేర్పింది, ఏ వస్తువైనా మన చేతిలోంచి జారితే ఇంకెవరి నోట్లోకో, ఇంకెవరి ముంగిట్లోకో పోతుందని. మనకు కలిమి వచ్చాక ఆ నోరు, ఆ ముంగిలి కనబడకుండా పోయాయి. పొద్దున్నే పాట పాడుకుంటూ బండి వస్తుంది, రంగు రంగుల డబ్బాలు, మూత వేస్తే ఇక అది మనది కాదు. ఆ బండి ఎక్కడికి పోతుందో మా సెక్రటరీని అడిగాను. తెలియదన్నాడు. ఊరవతల ఏదో గుట్ట ఉందట, ఎవరి ఊరవతలో ఆయనకు అక్కర్లేదు. పై పటారం, లోన లొటారం. పీలికల ఉండను చాదస్తమని నవ్వినవాళ్లే ఇప్పుడు పర్యావరణం అని ఉపన్యాసం ఇచ్చి, ఆ ఉపన్యాసం మధ్యలో ప్లాస్టిక్ సీసాలో రెండు గుక్కలు తాగి మిగతాది వదిలేసి పోతారు. నాకు ఉపన్యాసం రాదు. బజారుకు గుడ్డసంచీ పట్టుకెళ్తాను, ఝిల్లీ ఇస్తే వెనక్కి ఇచ్చేస్తాను, కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనీ. చెప్పులు తెగితే కుట్టిస్తాను. తొక్కలు నా కుండల్లోనే కుళ్లుతాయి, నా ముక్కు కిందే. ఎవరి ముక్కుకు ఇబ్బందో వాళ్లు కిటికీ వేసుకోవచ్చు.

చెప్పేశాను కదా, అందరి ముందూ ఒప్పుకున్నాను కదా, ఇక నా పాపం పోయిందని ఆ వయసులో అనుకున్నాను. క్లబ్బు గొడవ జరిగిన నాలుగో రోజున బిసాహిన్ కుడితికి వచ్చింది. ఇంకో ఆవును కొనిచ్చే తాహతు మాకు లేదు, ఉన్న పెయ్యను బతికించుకోవడానికి ఆమెకు కుడితి కావాలి. పూర్వం ఆమె బాల్టీ మూత తీసి చూసేది కూడా కాదు, వచ్చి ఎత్తి ఆవుకు పట్టేది. ఆ రోజు గొంతుక్కూచుని, మూత తీసి, గాజులు పైకి జరుపుకుని, మోచేతి దాకా చెయ్యి కుడితిలోకి దించింది. అడుగంతా కలియబెట్టింది. చెయ్యి బయటికి తీసి వేళ్లు విడదీసి చూసుకుంది. మళ్లీ దించింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. నాకు కోపం వచ్చింది, అవును, కోపమే వచ్చింది. అమ్మ వైపు చూశాను, ఆవిడైనా ఏదో ఒకటి అంటుందని. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి బిసాహిన్ చెయ్యి కడుక్కోవడానికి పోసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నా బి.ఏ. అయింది, బి.ఎడ్. అయింది, ఒక్క రోజు కూడా ఆమె చెయ్యి దించకుండా బాల్టీ ఎత్తలేదు. చెంబు నీళ్లు పోసే పని కొన్నాళ్లకు నాదైంది. మూడేళ్లకు ఆ పెయ్య ఈనింది. తొలి జున్నుపాలు కంచుగిన్నెలో పోసి, ఆకు కప్పి, బిసాహిన్ తనే పట్టుకొచ్చింది. గిన్నె నా చేతికిచ్చి, నా తల నిమిరి, "ఖా నోనీ," అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె గొంతుక్కూచుని, గాజులు పైకి జరుపుకుని, మోచేతి దాకా చెయ్యి దించి, అడుగంతా వెతికింది.